ఇంట్లో పింగాణీ కప్పు చేయాలంటే: మట్టి సంగతి కొంచెం, మంట సంగతి ఎక్కువ

పింగాణీ కప్పు మనమే చేసుకోవచ్చా అంటే చేసుకోవచ్చు, కాకపోతే కిల్న్, అంటే మట్టి వస్తువుల్ని బాగా ఎక్కువ వేడికి కాల్చే బట్టీ, ఉండాలి, లేదా కిల్న్ ఉన్న స్టూడియో వాళ్లతో స్నేహమైనా ఉండాలి. ఎందుకంటే మన కుమ్మరి ఆవంలో వేడి సుమారుగా 700 నుంచి 900 డిగ్రీల దాకా వెళ్తుంది, మనం చేయబోయే పింగాణీకి మాత్రం 1280 దాకా కావాలి. ఆ మధ్యలో ఉన్న నాలుగైదు వందల డిగ్రీల కోసమే యూరప్ వాళ్లు వందల ఏళ్లు కొట్టుకున్నారు, చైనా వాళ్లేమో అప్పటికే ఓడలకి ఓడలు నింపి పంపిస్తున్నారు. కాబట్టి ఈ గైడ్‌లో మట్టి కలపడం, పోత పోయడం గురించి చెప్తాను గానీ అసలు బుర్ర పెట్టాల్సింది మంట దగ్గరే.

ముందు ఏది పింగాణీ, ఏది కాదు అన్నది తేల్చుకుందాం. మనం తెల్లగా నున్నగా ఉన్న ప్రతిదాన్నీ పింగాణీ అనేస్తాం, అమ్మమ్మ ఊరగాయ జాడీతో సహా. ఆ జాడీ పింగాణీ కాదు, అది స్టోన్‌వేర్, లోపలి మట్టి బూడిద రంగులోనో గోధుమ రంగులోనో ఉంటుంది. అసలైన పింగాణీ ముక్క చూడాలంటే పాత ఇళ్లలో మెయిన్ బోర్డు మీద ఉండే కిట్‌క్యాట్ ఫ్యూజ్ చూడండి, కరెంటు స్తంభం మీద ఉండే ఇన్సులేటర్లు కూడా చాలావరకు అదే జాతి. విరిగిన ఫ్యూజ్ ముక్క దొరికితే ఆ విరిగిన చోట సిరా చుక్క వేసి కడిగేయండి, మరక ఉండదు. అదే విరిగిన పూలకుండీ పెంకు మీద వేస్తే సిరా లోపలికి పీల్చేసుకుంటుంది. పెంకుని నాలుక మీద పెడితే అతుక్కుంటుంది కూడా, పింగాణీ అతుక్కోదు, ఎందుకంటే నీళ్లు పీల్చే రంధ్రాలే దానిలో దాదాపు ఉండవు. పల్చటి కప్పు అయితే ఫోన్ టార్చ్ లోపల పెట్టి చూడండి, వేళ్ల నీడ బయటికి కనపడాలి.

ఇంతకీ ఇందులో ఏముంటుంది? మూడే మూడు. కేయోలిన్, అంటే తెల్లటి మట్టి. ఫెల్డ్‌స్పార్, ఇది రాయి. క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. క్లాసిక్ కొలత 50, 25, 25. కేయోలిన్ ఆకారం నిలబెడుతుంది, ఫెల్డ్‌స్పార్ వేడికి కరిగి గాజులా మారి సందులన్నీ పూడ్చేస్తుంది, పలుగురాయి మధ్యలో గట్టిగా ఉండి వస్తువు కూలిపోకుండా చూస్తూ తను కూడా కొంత ఆ గాజులో కరుగుతుంది.

కేయోలిన్‌కి ఆ పేరు చైనాలో జియాంగ్‌షీ రాష్ట్రంలో జింగ్‌దెజెన్ అనే ఊరి దగ్గరున్న గావ్‌లింగ్ గుట్ట నుంచి వచ్చింది. ఈ జింగ్‌దెజెన్‌కి 1004లో అప్పటి సోంగ్ చక్రవర్తి తన పాలనాకాలం పేరే పెట్టాడు, అంత మోజు వాళ్ల సరుకంటే. తమాషా ఏంటంటే అక్కడి వాళ్లు మొదట్లో కేయోలిన్ వాడలేదు, ఆ చుట్టుపక్కల దొరికే పింగాణీ రాయి ఒక్కదాన్నే దంచి, కడిగి, తెల్లటి ఇటుకల్లా చేసి వాడేవాళ్లు. ఆ రాయిలోనే పలుగురాయి, అభ్రకం జాతి ఖనిజం రెండూ ఉంటాయి కాబట్టి పని జరిగిపోయేది. కానీ పెద్ద పళ్లేలు చేస్తే మంటలో వాలిపోయేవి. యువాన్ కాలంలో, అంటే 13, 14 శతాబ్దాల్లో కేయోలిన్ కలపడం మొదలుపెట్టాక ఎక్కువ వేడికి తట్టుకుని నిలబడడం మొదలైంది, ఆ నీలం తెలుపు భారీ పళ్లేలన్నీ అప్పటినుంచే.

1712లో జింగ్‌దెజెన్ నుంచి దాంత్రకోల్ అనే ఫ్రెంచ్ జెసూట్ పాదరీ ఒక పెద్ద ఉత్తరం రాశాడు, 1722లో ఇంకోటి. అక్కడ క్రైస్తవంలోకి మారిన పనివాళ్ల దగ్గర విన్నవీ, తను కళ్లారా చూసినవీ మొత్తం రాసేశాడు, ఈ రోజుల్లో అయితే ఇండస్ట్రియల్ గూఢచర్యం అనేవాళ్లు. అందులో ఒక కథ ఉంది. ఎవరో యూరప్ వర్తకులు ఆ రాయి ఇటుకలు మాత్రం కొని తమ దేశం తీసుకెళ్లి పింగాణీ చేద్దామని చూశారట, కేయోలిన్ తీసుకెళ్లలేదు, అది కాస్తా బెడిసికొట్టింది. ఆ సంగతి విన్న చైనా వ్యాపారి, ఎముకలు లేకుండా ఒట్టి మాంసంతోనే ఒళ్లు నిలబడాలనుకున్నారా అని నవ్వాడట. మీ కప్పు మంటలో కూలబడిందంటే మొదట అనుమానించాల్సింది ఇదే, కేయోలిన్ తక్కువైందా, ఫెల్డ్‌స్పార్ ఎక్కువైందా అని.

సరే, కొలతకి వద్దాం. పది కిలోల పొడికి కేయోలిన్ ఐదు కిలోలు, ఫెల్డ్‌స్పార్ రెండున్నర, పలుగురాయి పొడి రెండున్నర. ఫెల్డ్‌స్పార్, పలుగురాయి మన తెలుగు నేల మీద కొదవ లేదు, నెల్లూరు వైపు గూడూరు చుట్టూ అభ్రకం గనులున్న చోట ఇవి కూడా ఉంటాయి, అటు మహబూబ్‌నగర్ వైపూ ఉన్నాయి. తెల్లగా వచ్చే కేయోలిన్‌కి మాత్రం కేరళ, గుజరాత్, రాజస్థాన్ సరుకు ఎక్కువ వాడతారు. ఏది కొన్నా అందులో ఇనుము, టైటానియం ఎంత ఉన్నాయో అడగండి, ఆ రెండూ ఎంత తక్కువుంటే అంత తెలుపు. అమ్మేవాడు సూపర్ వైట్ అంటే నమ్మేయకుండా చిన్న బిళ్ల చేసి కాల్చి చూసుకోండి, పొడిగా ఉన్నప్పటి తెలుపుకీ కాల్చాక వచ్చే తెలుపుకీ సంబంధం ఉండదు. ఇంకోటి, ఈ పొడులు కలిపేటప్పుడు ఎన్‌95 మాస్క్ తప్పనిసరి. పలుగురాయి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే సిలికోసిస్, అది తగ్గే జబ్బు కాదు. కింద పడిన పొడిని చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి.

సారె మీద చేయాలా, అచ్చులో పోయాలా అంటే మొదటిసారి వాళ్లకి నేనైతే అచ్చే చెప్తాను. కేయోలిన్ రేణువులు మామూలు బంకమట్టి కంటే పెద్దవి, జిగురు తక్కువ, సారె మీద కాస్త ఎక్కువ నీళ్లు తగిలితే చాలు జారిపోతుంది. పైగా సారె మీద తిప్పిన మెలి మట్టిలో అలాగే గుర్తుండిపోయి కాల్చేటప్పుడు వెనక్కి తిరుగుతుంది, అందుకే అనుభవం ఉన్నవాళ్లు కప్పు చెవిని కావాలనే కొంచెం పక్కకి వంచి అతికిస్తారు, కిల్న్‌లో నుంచి వచ్చేసరికి అది నిటారుగా ఉంటుంది.

అచ్చుకి కావాల్సిన పోత మట్టి, అంటే స్లిప్, ఇలా కలపాలి. పది కిలోల పొడికి నాలుగు లీటర్ల నీళ్లు. ఇంత తక్కువ నీళ్లలో ఇంత పొడి ఎలా కలుస్తుందా అని డౌట్ వస్తుంది, నిజమే కలవదు, గట్టి ముద్ద అవుతుంది. అందులో సోడియం సిలికేట్ 30 నుంచి 40 గ్రాములు నీళ్లలోనే ముందు కలిపి పెట్టుకుంటే మట్టి రేణువులు ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలుపెట్టి ముద్ద కాస్తా అట్ల పిండిలా జారుతుంది. ఇక్కడ అత్యాశ పనికిరాదు, 50 గ్రాములు దాటిస్తే పలచబడదు సరికదా మళ్లీ చిక్కబడుతుంది, అచ్చు కూడా పాడవుతుంది. డ్రిల్‌కి పెట్టే మిక్సర్‌తో గంట సేపు తిప్పి, 80 మెష్ జల్లెడ (అంగుళానికి 80 కన్నాలుండేది) పట్టి, ఒక రాత్రి వదిలేయండి, బుడగలు పైకి వచ్చేస్తాయి. మర్నాడు సరిగ్గా ఒక లీటర్ కొలిచి తూకం వేస్తే 1.75 నుంచి 1.8 కిలోలు రావాలి. తక్కువొస్తే నీళ్లెక్కువయ్యాయని అర్థం, కప్పు గోడ పగులుతుంది.

అచ్చు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో. వంద పాళ్ల ప్లాస్టర్‌కి 70 పాళ్ల నీళ్లు. పైకి వెడల్పుగా, కిందికి సన్నగా ఉండే స్టీల్ గ్లాసు లాంటిదేదైనా మోడల్‌గా పెట్టుకుంటే ఒకే ముక్క అచ్చు సరిపోతుంది, సబ్బు నీళ్లు రాసి చుట్టూ ప్లాస్టర్ పోసేయడమే. అచ్చు బాగా ఆరాలి, కానీ ఎండబెట్టే తొందరలో 50 డిగ్రీలు దాటించొద్దు, ప్లాస్టర్ పొడి పొడి అయిపోతుంది. స్లిప్‌ని అంచుదాకా ఒకే ధారగా పోయండి, ప్లాస్టర్ నీళ్లు పీల్చేకొద్దీ మట్టం దిగుతుంది, పైన పోస్తూ ఉండండి, పది నిమిషాల తర్వాత అంచు దగ్గర గీకి చూస్తే గోడ మూడు మిల్లీమీటర్లు కట్టి ఉంటుంది, మిగతాది వంపేసి అచ్చుని కొంచెం వాలుగా బోర్లించండి. గంటా రెండు గంటల్లో కప్పు తనే అచ్చు వదిలేస్తుంది. పైఅంచుని తడి స్పాంజితో నున్నగా చేసి, రెండు మూడు రోజులు గాలి సూటిగా తగలని చోట ఆరబెట్టండి. ఫ్యాన్ కింద పెట్టారో, ఒక పక్క ముందే ఆరి అంచు వంకర పోతుంది. అప్పుడు చేత్తో సరిచేసినా లాభం లేదు, ఆ వంకర మంటలో మళ్లీ బయటపడుతుంది.

సైజు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పచ్చి కప్పు నుంచి కాలిన కప్పుకి 12 నుంచి 15 శాతం కుదించుకుపోతుంది, పది సెంటీమీటర్ల ఎత్తు మోడల్ పెట్టుకుంటే చేతికొచ్చేది ఎనిమిదిన్నర. టీ కప్పు చేయబోతే కాఫీ కప్పు అవుతుంది, మోడల్ పెద్దదే ఎంచుకోండి.

మొదటి కాల్పు, అంటే బిస్క్, 1000 డిగ్రీలకి. వంద డిగ్రీల దాకా చాలా నిదానంగా, మూత కొంచెం తెరిచి, ఎందుకంటే మిగిలిన తడి ఆవిరైతే కప్పు ఢామ్మని పేలుతుంది. తర్వాత 600 దాకా గంటకి 100 డిగ్రీల చొప్పున. 450 నుంచి 600 మధ్య కేయోలిన్ స్ఫటికంలో బంధించి ఉన్న నీరు బయటికి పోతుంది, ఇది తడి కాదు, ఖనిజంలోనే భాగం, కేయోలిన్ బరువులో దాదాపు 14 శాతం. ఇది దాటాక కప్పుని నీళ్లలో వేసినా మళ్లీ మట్టి అవ్వదు, వెనక్కి దారి లేదు. 600 తర్వాత గంటకి 150 పెంచుకుంటూ పోవచ్చు. జింగ్‌దెజెన్ వాళ్లు సంప్రదాయంగా ఈ బిస్క్ చేసేవాళ్లు కాదు, పచ్చి కప్పు మీదే గ్లేజ్, అంటే కాల్చాక గాజులా మెరిసే పైపూత, వేసి ఒకేసారి కాల్చేవాళ్లు, అది చేయి తిరిగినవాళ్ల పని, మనకొద్దు.

నీలం బొమ్మలు వేయాలనుంటే ఈ బిస్క్ కప్పు మీదే వేసేయాలి. కోబాల్ట్ కార్బొనేట్ చిటికెడు, అందులో కొంచెం గ్లేజ్ పొడి, ఒక చుక్క జిగురు, నీళ్లు, సన్న కుంచె. కాల్చకముందు లేత ఊదాగా, అసలేమీ లేనట్టు ఉంటుంది, అది చూసి ఇంకో పూత ఇంకో పూత అని వేసేస్తారు, అదే పొరపాటు, కోబాల్ట్ మహా ఘాటు, గ్లేజ్‌లో ఒక్క శాతం కలిపినా ముదురు నీలం వస్తుంది. చైనా వాళ్లు యువాన్ కాలంలో ఇరాన్ వైపు నుంచి తెప్పించిన కోబాల్ట్‌లో ఇనుము ఎక్కువుండి, మందంగా పడ్డ చోటల్లా నల్లటి మచ్చలు వచ్చేవి. తమాషా చూడండి, 18వ శతాబ్దంలో శుభ్రమైన కోబాల్ట్ దొరికాక పాతవాటిలా కనపడాలని కుంచెతో కావాలనే చుక్కలు చుక్కలుగా పెట్టి ఆ మచ్చల్ని తెప్పించేవాళ్లు. ఈ నీలం సరుకులో తేదీ ఖాయంగా తెలిసినవాటిలో పేరున్నవి 1351 నాటి డేవిడ్ వాజులు, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చైనా సరుకు మన తీరానికీ బాగానే వచ్చింది, మోటుపల్లి, కొత్తపట్నం తవ్వకాల్లో చైనా పెంకులు దొరికాయి. పూర్తి వస్తువులు చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లండి, చైనావీ యూరప్‌వీ రెండూ ఉన్నాయి, తేడా కళ్లతోనే పోల్చుకోవచ్చు.

గ్లేజ్‌కి 4-3-2-1 అని కుమ్మరి స్టూడియోల్లో అందరూ వాడే లెక్క ఉంది: ఫెల్డ్‌స్పార్ 40, పలుగురాయి 30, సున్నపురాయి పొడి 20, కేయోలిన్ 10. గమనించారా, కప్పులో ఉన్న సరుకే ఇందులోనూ ఉంది, కొత్తగా చేరింది సున్నపురాయి ఒక్కటే, అది కరిగే వేడిని తగ్గిస్తుంది. కప్పు, గ్లేజ్ ఒకే కుటుంబం కావడం వల్లే రెండూ ఒకే వేడికి పక్వానికొచ్చి ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి, గ్లేజ్ పెచ్చులూడదు. నీళ్లలో పాల మందాన కలిపి, జల్లెడ పట్టి, రెండు మూడు సెకన్లు ముంచి తీసేయండి. అడుగు భాగంలో గ్లేజ్ శుభ్రంగా తుడిచేయాలి, లేకపోతే కప్పు కిల్న్ పలకకి అతుక్కుని పలకతో సహా పోతుంది. పలకల మీద అల్యూమినా పూత కూడా వేసుకోండి, పింగాణీ అడుగు గ్లేజ్ లేకపోయినా అంటుకుంటుంది.

ఇక పెద్ద కాల్పు. ఇక్కడే యూరప్ వాళ్ల కథ చెప్పాలి. ఫ్లోరెన్స్‌ని ఏలిన మెడిచి కుటుంబం వాళ్లు 1575 ప్రాంతంలో గాజు పొడి కలిపి పింగాణీ లాంటిది చేశారు, బాగానే ఉండేది గానీ అసలుది కాదు. బోట్గర్ అని ఒక కుర్రాడు బంగారం చేస్తానని డప్పు కొట్టుకుని డ్రెస్డెన్‌లో సాక్సనీ పాలకుడు అగస్టస్ చేతిలో బందీ అయ్యాడు. బంగారం రాలేదు. అతని పక్కన చిర్న్‌హౌస్ అనే శాస్త్రవేత్తని పెట్టారు, ఆయన పెద్ద పెద్ద భూతద్దాలు, అద్దాలతో ఎండని ఒకచోటికి చేర్చి ఖనిజాలు ఏ వేడికి ఏమవుతాయో అప్పటికే చూస్తున్నవాడు. 1708 జనవరి 15 నాటి నోట్‌బుక్‌లో ఏడు మిశ్రమాలు రాసి ఉన్నాయి: ఒకటి ఒట్టి మట్టి, మిగతా ఆరు మట్టికి అలబాస్టర్ (జిప్సం జాతి తెల్లరాయి) కలిపినవి, 4:1 నుంచి మొదలుపెట్టి 5:1, 6:1 అలా 9:1 దాకా. అలబాస్టర్ ఎక్కువున్నవి కూలిపోయాయి, 7:1 నుంచి తెల్లగా, వెలుతురు పారేలా వచ్చాయి. చూశారుగా, ఒకసారికి ఒక్క అంకె మార్చడం. ఇప్పటికీ టెస్ట్ బిళ్లలు ఇలాగే చేయాలి, అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పని చేసిందో బ్రహ్మకి కూడా తెలీదు. 1710లో మైసెన్ కోటలో ఫ్యాక్టరీ పెట్టేశారు. చిర్న్‌హౌస్ పాపం 1708లోనే పోయాడు, పేరంతా బోట్గర్‌కి వెళ్లింది, నా లెక్కలో అది అన్యాయమే.

కిల్న్‌లో మీ కప్పుకి ఏం జరుగుతుందంటే, 1100 దాటాక ఫెల్డ్‌స్పార్ మెత్తబడి కరగడం మొదలవుతుంది. కేయోలిన్ నుంచి ముల్లైట్ అనే సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు పెరుగుతాయి, 1200 దాటాక జోరుగా. కరిగిన గాజు ఈ సూదుల మధ్య సందులన్నీ నింపుతుంది, రంధ్రాలు మూసుకుపోతాయి, కప్పు కుదించుకుంటుంది. ఆ టైమ్‌లో కప్పు నిజంగానే మెత్తగా ఉంటుంది, పక్కకి వేలాడే వెడల్పు పళ్లెం అయితే వాలిపోతుంది, అందుకే మొదటిసారి నిటారు ఆకారాలే చేయండి.

షెడ్యూల్ ఇది: 600 దాకా గంటకి 100, 1100 దాకా 150, అక్కడి నుంచి గంటకి 60 నుంచి 80 చొప్పున 1280 దాకా, అక్కడ పది పదిహేను నిమిషాలు ఆపండి. మీటర్ ఒక్కదాన్నే నమ్మొద్దు, కోన్ 10 పెట్టండి. 1886లో బెర్లిన్‌లో సెగర్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది, గ్లేజ్ లాంటి సరుకుతోనే చేసిన చిన్న శంకువు అది, సరైన వేడి సరిపడినంత సేపు తగిలితే వంగుతుంది. మీటర్‌కి తగిలించిన థర్మోకపుల్ గాలి వేడి చెప్తుంది, కోన్ మట్టికి ఎంత పని జరిగిందో చెప్తుంది.

ఎలక్ట్రిక్ కిల్న్ అయితే కప్పు కొంచెం మీగడ తెలుపులో వస్తుంది, నిరాశ పడకండి. గాలి బాగా ఆడే మంటలో ఇనుము పసుపు ఛాయ ఇస్తుంది, ఉత్తర చైనాలో బొగ్గుతో కాల్చిన డింగ్ సరుకు కూడా ఆ రంగే, దానికోసం చక్రవర్తులు ఎగబడ్డారు. జింగ్‌దెజెన్ సరుకులో ఉండే నీలి ఛాయ తెలుపు కావాలంటే గ్యాస్ కిల్న్‌లో 1000 దాటాక గాలి తగ్గించి పొగమంట పెట్టాలి, జింగ్‌దెజెన్ పైన్ కట్టెల మంటలో జరిగేది అదే. దీన్లో కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, మూసిన గదిలో అస్సలు చేయొద్దు, డిటెక్టర్ పెట్టుకోండి.

కాల్చడం అయిపోయాక అసలు పరీక్ష ఓపికకి. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి స్ఫటికం ఉన్నట్టుండి సైజు మారుతుంది, అక్కడ చల్లగాలి తగిలితే కప్పు నిలువునా చీలుతుంది, చీలిక అంచులు కత్తిలా పదునుగా ఉంటే ఇదే కారణం, అంచులు గుండ్రంగా గ్లేజ్ కప్పుకుని ఉంటే మాత్రం ఆరబెట్టేటప్పుడే పగిలిందని. కిల్న్ వంద డిగ్రీల లోపుకి దిగేదాకా మూత ముట్టుకోవద్దు.

మీ కిల్న్ 1280 చేరకపోతే బోన్ చైనా వైపు వెళ్దామా అంటారేమో, అదీ 1250 దగ్గర్లో కాల్చేదే, పెద్దగా కలిసిరాదు. పైగా అందులో సగం పశువుల ఎముకల బూడిద, మిగతా సగం కార్న్‌వాల్ రాయి (ఫెల్డ్‌స్పార్ ఉండే రాయి), చైనా క్లే, అంటే కేయోలినే. 1790ల్లో ఇంగ్లండ్‌లో స్పోడ్ అనే పింగాణీ తయారీదారు కుదిర్చిన లెక్క అది. ఈ విషయం తెలీక శాకాహారుల ఇళ్లలో బోన్ చైనా సెట్లు గృహప్రవేశాలకి గిఫ్టులుగా తిరుగుతుంటాయి.

బంగారు అంచు కావాలంటే గ్లేజ్ కాల్పు అయ్యాక లిక్విడ్ గోల్డ్, అంటే నూనెలో కలిపిన బంగారం, పూసి మళ్లీ 750 డిగ్రీల దగ్గర్లో కాల్చాలి, గది కిటికీలు తెరిచి, ఆ నూనె పొగ బాగా ఘాటు. అలా చేసిన కప్పు మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టకండి, నిప్పురవ్వలు లేస్తాయి.